కాలువ కింద చెరకు, గుట్ట మీద పోడు

నిజామాబాద్ జిల్లా పటాన్ని ముందు పరుచుకుంటే డిచ్‌పల్లి రెండు లోకాల నడుమ కనిపిస్తుంది. పడమటికి పోతే నిజామాబాద్ పట్నం, అది దాటితే ఎడపల్లి, బోధన్, కోటగిరి, వర్ని. అదంతా నిజాంసాగర్ కాలువ పారిన నేల, వరి, చెరకు. దక్షిణానికీ తూర్పుకీ తిరిగితే ఇందల్వాయి, ధర్పల్లి, సిరికొండ. ఇటు గుట్టలు, టేకు, మోదుగు, వాటి అంచున తండాలు. మా హాస్టల్ పిల్లల్లో ఎక్కువమంది ఈ గుట్టల అంచు నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ దిగేది మాత్రం ఆ కాలువ కిందికి.

ఈ స్మారక సంచికకు చరిత్ర వ్యాసం కావాలన్నప్పుడు మేము తీజ్ గురించో, మన పాటల గురించో రాయొచ్చు. వాటి మీద మాకంటే బాగా రాసేవాళ్లు ఈ సంచికలో ఉన్నారు. మేము పోడు గురించి రాస్తున్నాం. పోడు అనగానే రెండు మాటలు వినిపిస్తాయి. అడవిని నాశనం చేసింది ఈ పోడుగాళ్లేనని ఒక మాట. అడవి బిడ్డలు అడవికి ఏనాడూ హాని చేయరని ఇంకో మాట. మొదటిది మనల్ని బోనులో నిలబెడుతుంది, రెండోది గుడిలో కూర్చోబెడుతుంది. రెండింటిలోనూ అప్పు లేదు, మిత్తి లేదు, మార్కెట్ ధర లేదు, పట్టా కాగితం లేదు. మనిషి ఒక ఎకరం మీద ఏం విత్తుతాడో, ఏ చెట్టు ఉంచుతాడో, ఏది కొడతాడో తేల్చేవి ఎక్కువగా ఇవే. మన జిల్లా వరకు చూస్తే గుట్ట మీద ఏం జరగాలో చాలాసార్లు గుట్ట కిందే నిర్ణయమైంది.

లంబాడీలు మొదటి నుంచి అడవి సాగుదార్లు కారు. మనది లదేణి బతుకు. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగినవాళ్లం. మొఘల్ సైన్యాలకూ, ఆ తర్వాత నిజాం సైన్యాలకూ తిండి గింజలు చేరవేసింది మన బిడారులే. ఆ బిడారులకు అడవి పొలం కాదు, ఎద్దులకు మేత, రాత్రికి మకాం. బండి బాటలు పెరిగిన కొద్దీ ఆ వ్యాపారం సన్నగిల్లింది. 1899, 1901 నడుమ సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలుమార్గం పడ్డాక ఈ ప్రాంతంలో దాని పని అయిపోయినట్టే. డిచ్‌పల్లి, ఇందల్వాయి స్టేషన్లు ఆ లైను మీదివే. రైలు వచ్చింది జిల్లాకు మేలని పాఠంలో చదువుకున్నాం, పిల్లలకూ అదే చెప్తున్నాం. ఆ రైలు ఎవరి ఎద్దుల మీది మూటలు దించిందో కూడా చెప్పాలి కదా. మూటలు దిగాక మిగిలింది పశువుల మంద. మంద ఉన్నవాడికి మేత కావాలి, మేత గుట్టల దగ్గర ఉంది. తండాలు అక్కడ నిలిచిపోవడానికి మొదటి కారణం అదే. ఆ వైపున నాయకపోడు గూడేలు కూడా ఉన్నాయి. వాళ్ల కథ వేరే రాయాల్సినంత పెద్దది, ఇక్కడ తాకి వదిలేస్తున్నాం.

రైలు వచ్చిన ముప్పై ఏళ్లకు నీళ్లు వచ్చాయి. మంజీర నది మీద నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో పూర్తయ్యాయి. కట్టించిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. సుమారు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని తలపెట్టిన ప్రాజెక్టు అది. నీళ్ల వెనకే చెరకు వచ్చింది, చెరకు వెనకే 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు పొందింది. దానికి వేల ఎకరాల సొంత చెరకు ఫారాలు కూడా ఉండేవి. కాలువ నీళ్లకు కొత్త సాగు కావాలని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చారు, భూములు కొన్నారు, స్థిరపడ్డారు. ఇప్పటికీ బోధన్, వర్ని వైపు ఊరి పేరు చివర 'క్యాంపు' అని వినిపిస్తే అది వాళ్లు కట్టుకున్న ఊరే. కష్టపడి పండించారు, అందులో అనుమానం లేదు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

కానీ ఒక లెక్క వేసుకోండి. కాలువ పారిన తర్వాత ఎకరం ధర పెరిగింది. ధర పెరిగిన నేల కొనడానికి రొక్కం కావాలి, ఉన్న నేల నిలుపుకోవడానికి కాగితం కావాలి, నీటి తీరువా కట్టడానికి పంట చేతికి రాకముందే పైసలు కావాలి. ఈ మూడూ లేనివాళ్లు ఎవరు? ప్రధాన కాలువ కింద ఎన్ని తండాలున్నాయి, గుట్టల అంచున ఎన్ని తండాలున్నాయి, ఎవరైనా బండి మీద ఒక పూట తిరిగి లెక్కపెట్టుకోవచ్చు. కాలువ మనకూ పని ఇచ్చింది. మట్టి తవ్వే పని, నాట్లు, చెరకు కొట్టే పని. భూమి మాత్రం ఇవ్వలేదు.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే గుట్ట మీద ఇంకో గీత పడింది. హైదరాబాద్ రాజ్యంలో అటవీ శాఖ హద్దురాళ్లు నాటుకుంటూ రిజర్వు అడవులను ప్రకటిస్తూ వచ్చింది. ఆ వరుసలో వచ్చిందే 1355 ఫస్లీ, అంటే 1945 నాటి అటవీ చట్టం. రిజర్వు అంటే ఏమిటి? రాయికి ఇవతల దున్నితే అది రెవెన్యూ భూమి, శిస్తు కడితే చాలు. రాయికి అవతల దున్నితే నేరం. ఆ రాయి పడేముందు అక్కడ దున్నుతున్నవాళ్లలో చాలామందిది సివాయి జమాబందీ సాగు. శిస్తు కట్టించుకుంటారు, హక్కు మాత్రం రాయరు. ఏటా కడుతున్నాం కాబట్టి భూమి మనదేనని వాళ్లు అనుకున్నారు. దఫ్తరులో అది మనది కాదు. రాయి పడినరోజు ఆ తేడా తెలిసింది.

గోదావరి అవతల ఆదిలాబాద్‌లో ఈ గీత ఎంత లోతుగా కోసిందో మనకు బాగా తెలుసు. గోండులు కొన్నేళ్లు దున్ని, కొన్నేళ్లు బీడు పెట్టి, మళ్లీ అదే నేలకు వచ్చేవాళ్లు. బీడు పెట్టిన నేలలో పొదలు మొలిస్తే అది అడవి కింద లెక్కకు వచ్చింది. నేలకు విశ్రాంతి ఇవ్వడమే వాళ్లు చేసిన తప్పయింది. కింద నల్లరేగడి భూములు పత్తి కోసం, జొన్న కోసం వచ్చిన కొత్తవాళ్ల చేతుల్లోకి పోతున్నాయి, పైన అడవి మూసుకుపోతోంది. ఆ ఇరుకులోంచి వచ్చిందే కొమురం భీం జోడేఘాట్ పోరాటం, 1940లో ఆయన ప్రాణత్యాగం. జల్, జంగల్, జమీన్ అన్న నినాదంలో మూడూ ఒకే వరుసలో ఎందుకు ఉన్నాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది. భీం తర్వాతనే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితి మీద అధ్యయనానికి పెట్టింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వచ్చింది. శిక్షణ పొంది ఈ వృత్తిలోకి వచ్చిన మాకు ఆ కేంద్రం మీద ప్రత్యేకమైన గౌరవం. 1940ల చివరికల్లా ఆదిలాబాద్‌లో లక్షన్నర ఎకరాలకు పైగా గిరిజనులకు పట్టా అయ్యింది. అడవి చట్టం మారలేదు, అడవీ మాయం కాలేదు. కాగితం ఇచ్చినచోట కుటుంబాలు నిలిచి దున్నుకున్నాయి.

ఆ రక్షణ గోదావరి దాటి మన వైపు రాలేదు. ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్లకు కూడా తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. 1959 భూబదలాయింపు నిబంధనలు, 1970లో వాటికి జరిగిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, షెడ్యూల్డ్ ప్రాంతంలోనే చెల్లుతుంది. ఉట్నూరులో గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనలేడు. ఇందల్వాయిలో కొనొచ్చు. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 చట్టం ఒకటుంది కానీ సొంత పట్టా చెలకకు ఆ కవచం కూడా లేదు. పైగా తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరిందే 1976 చట్టంతో. అప్పటిదాకా భూమి పోతే పట్టించుకోవడానికి మన పేరు మీద ఒక శాఖ కూడా లేదు.

చెలక ఎలా పోయేదో ముసలివాళ్లను అడిగితే ఒకే కథ చెప్తారు. పెళ్లికో, రోగానికో సేటు దగ్గర అప్పు. మిత్తి పెరిగి అసలును మించుతుంది. పంట సేటు కల్లంలోకే పోతుంది. రెండు కరువులు వరుసగా వస్తే రోడ్డు పక్కన ఎకరం రాసిచ్చి బయటపడతారు. రోడ్డు పక్కది పోయినవాడు గుట్ట వైపు నాలుగు సాళ్లు ఎక్కువ దున్నుతాడు. సాలు సాలుకూ హద్దురాయి దగ్గరవుతుంది, ఒక ఏడు దాన్ని దాటుతుంది. అటవీ శాఖ పుస్తకంలో ఆ ఏడు 'ఆక్రమణ' అని పడుతుంది. కింద రాసిచ్చిన ఎకరం మాత్రం ఆ పుస్తకంలో ఉండదు. 1970ల తర్వాత ఎర్రజెండా సంఘాలు సిరికొండ వైపు పోడును ఒక ఉద్యమంగానే నడిపాయి. కొన్ని తండాలు అలా నిలబడ్డాయి, కేసులు కూడా అలాగే పెరిగాయి.

అడవి నుంచి మనకు పైసలు తెచ్చింది భూమి ఒక్కటే కాదు. నిజామాబాద్ అంటే బయటివాళ్లకు పసుపు, చక్కెర. ఇక్కడి ఆడవాళ్లకు బీడీలు. ఊరూరా ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు, ఆ బీడీకి ఆకు అడవిలోని తునికి చెట్టు నుంచి రావాలి. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున పోయి ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పడం తండా ఆడవాళ్ల పని. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం సర్కారు చేతికి వచ్చింది, కోసేవాళ్లకు కట్టకింత అని రేటు కట్టారు. చిగురు బాగా రావాలంటే తునికి పొదలు కొట్టాలి. ఎండాకాలంలో నిప్పు పెడితే చిగురు తొందరగా వస్తుందని పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నిప్పు మంచిది కాదని మేము పిల్లలకు గట్టిగానే చెప్తాం. కానీ ఆ నిప్పు వెనక ఉన్నది అజ్ఞానం కాదు, కట్ట రేటు. ఇప్పపువ్వు, మోదుగు ఆకు, చింతపండు కూడా ఇంతే. ధర ఉన్నప్పుడు చెట్టు నిలిచింది. మోదుగు విస్తరి పోయి ప్లాస్టిక్ ప్లేటు వచ్చాక చేను నడుమ మోదుగు చెట్టు ఎవరికీ అడ్డుగానే కనిపిస్తోంది.

ఇప్పుడు అసలు విషయానికి, పోడు చెలకలో ఏం పండుతుందనే దానికి రావాలి. మా అమ్మమ్మల తరం జొన్న, సామ, కొర్ర, నడుమ కంది, అంచున నువ్వులు వేసేవాళ్లు. తినడానికే వేసేవాళ్లు, చెట్లు కూడా చేలో ఉండేవి, ఎందుకంటే నాగలి చెట్టు చుట్టూ తిరిగి పోగలదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దానికి దండం పెట్టాల్సిందే. ఇంట్లో బియ్యం ఉన్నాక చెలకలో తిండి గింజ పండించే అవసరం తగ్గింది, పైసల పంట వేసే అవసరం పెరిగింది. పిల్లల బట్టలకు, ఫీజులకు, ఆస్పత్రికి పైసలే కావాలి. జొన్న పోయి మక్క వచ్చింది, కొన్నిచోట్ల సోయా, పత్తి వచ్చాయి. మక్కకు ట్రాక్టర్ కావాలి, ట్రాక్టర్‌కు చెట్టు అడ్డం. చేలో చెట్లు ఎందుకు పోయాయని అడిగేవాళ్లు ఈ వరుస చూడాలి.

మక్కే ఎందుకు, పండ్ల తోట ఎందుకు పెట్టరు అని సెమినార్లలో అడుగుతారు. మామిడి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. వచ్చే వానాకాలానికి ఈ చెలక ఉంటుందో, కందకం తవ్వి మొక్కలు నాటుతారో తెలియని మనిషి నాలుగేళ్ల పంట ఎట్లా పెడతాడు? నూరు రోజుల్లో చేతికొచ్చేది పెడతాడు. పట్టా లేకపోతే బ్యాంకు పంట రుణం ఇవ్వదు, కాబట్టి విత్తనం, ఎరువు సేటే ఇస్తాడు, ఏం విత్తాలో కూడా సేటే చెప్తాడు. బోరు వేయనియ్యరు, కరెంటు లైను రాదు, కాబట్టి వానకాలం పంట ఒక్కటే. వాలు మీద గట్టు వేస్తే మట్టి నిలుస్తుందని ప్రతి రైతుకూ తెలుసు. కానీ చాలా ఏళ్లు రిజర్వులో గట్టు వేయడమంటే కేసుకు సాక్ష్యం వేసుకోవడమే. గట్టు, బావి, కంచె, ఏది కనిపించినా 'శాశ్వత ఆక్రమణ' అని రాసుకుపోయేవాళ్లు. అందుకే తెలిసి కూడా గట్టు వేయలేదు, ప్రతి వానకూ పైమట్టి వాగులోకి పోయింది. ఆ మట్టి కోత ఫోటోలు చూపించి పోడు ఎంత చెడ్డదో వివరిస్తారు.

రక్షిత ప్రాంతం అన్న మాట మన దగ్గర ఇంకో రెండు రూపాల్లో కూడా ఉంది. మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దున పోచారం అభయారణ్యం మనకు దగ్గరిది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1952లో అభయారణ్యమైంది. వేటాడిన చోటే తర్వాత రక్షణ రావడం మనకొక్కచోటే జరిగింది కాదు, దేశంలో చాలా అభయారణ్యాల పుట్టుక ఇదే. 1872లో అమెరికాలో ప్రపంచపు మొదటి జాతీయ పార్కు ఎల్లోస్టోన్ ప్రకటించినప్పుడు కూడా అక్కడ తరతరాలుగా తిరిగిన మూలవాసులను బయటికి పంపి, అది మనుషులు లేని ప్రకృతి అని చూపించారు. ఆ నమూనా లోకమంతా తిరిగింది.

రెండో రూపం కవ్వాల్. 1965లో అభయారణ్యం, 2012లో పులుల అభయారణ్యం. కోర్ సుమారు 893 చదరపు కిలోమీటర్లు, బఫర్ 1,123 చదరపు కిలోమీటర్ల పైన. కోర్‌లో ఉన్న ఊరికి రోడ్డు, కరెంటు, టవర్ ఏది కావాలన్నా అనుమతి కావాలి. ఆవును పులి చంపితే పరిహారం ఉంటుంది కానీ కాగితాలు తిరగాలి, మేపడానికి పోయే దారి మాత్రం ఏటేటా ఇరుకవుతుంది. అలాంటి చోట 'స్వచ్ఛందంగా' బయటికి వస్తారా అని అడిగితే వచ్చే జవాబులో స్వచ్ఛందం ఎంత, విసుగు ఎంత? కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను బయటికి తెచ్చి ఇళ్లు, భూమి ఇచ్చారు. కొన్ని కుటుంబాలు 15 లక్షల రూపాయల ప్యాకేజీ తీసుకున్నాయి. బడి, ఆస్పత్రి దగ్గరయ్యాయని సంతోషించినవాళ్లూ వాళ్లలో ఉంటారు, మేము వద్దనం. 15 లక్షలు పది ఎకరాల చెలకకు, ఊటవాగుకు, ఇప్పచెట్లకు సమానమా కాదా అన్న లెక్క మాత్రం ఇచ్చేవాళ్ల కాగితం మీద ఒకలా, పుచ్చుకునేవాళ్ల ఇంట్లో ఇంకోలా ఉంటుంది.

2025 మే నెలలో కవ్వాల్‌నూ మహారాష్ట్రలోని తాడోబానూ కలిపే పులుల దారిని కొమురం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. గిరిజన సంఘాలు అడ్డుచెప్పాయి, జూలైలో దాన్ని నిలిపివేశారు. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి పేరే ఆ రిజర్వుకు పెట్టాలని ఎవరికి తోచిందోగానీ, మా స్టాఫ్ రూములో ఒక రోజంతా అదే మాట.

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. ఆదిలాబాద్‌లో భూమి మీద ఒత్తిడి అంతా బయటి సేట్ల నుంచే రాలేదు. మహారాష్ట్రలో బంజారాలు ఎస్టీలు కారు. 1976 తర్వాత తెలంగాణలో ఎస్టీ అయ్యేసరికి సరిహద్దు ఇవతల భూమి, రిజర్వేషన్ రెండూ అందుతాయని వలస వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. గోండులు, కోలాములు దాన్ని తమ వాటా మీదికి వచ్చిన ఒత్తిడిగా చూశారు, ఆ గొడవ ఇంకా చల్లారలేదు. లంబాడీ ఇంట్లో పుట్టిన మేము ఇది దాచిపెడితే చరిత్ర రాసినట్టు కాదు.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చేనాటికి పరిస్థితి ఇది. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను అటవీ భూమికి పట్టా ఇవ్వలేని స్థితి. ఆ తాళాన్ని ఈ చట్టం తీసింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకు, అంటే పదెకరాలకు మించకుండా హక్కు. పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేర్లూ పత్రంలో ఉండాలి. మా హాస్టల్‌కు వచ్చే తల్లుల్లో కొందరికి భూమి కాగితం మీద తమ పేరు పడటం అదే మొదటిసారి. ఆ పత్రం వారసులకు పోతుంది, అమ్మడానికి వీల్లేదు. 1/70 లేని మన జిల్లాలో ఇది ఎంత పెద్ద రక్షణో వేరే చెప్పనవసరం లేదు.

ఈ చట్టం నిబంధనల్లో సాక్ష్యాల జాబితా ఒకటుంది. దాన్ని తండా తండాలో చదివి వినిపించాలని మా కోరిక. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటి పన్ను రసీదు ఒక రకం. కోర్టు కాగితాలు ఇంకో రకం. అంటే ఏ కేసు కాగితాన్ని చూసి తాత భయపడ్డాడో, ఆ కాగితమే మనవడి హక్కుకు రుజువు. గట్టు, చదును చేసిన నేల, చెక్‌డ్యాం కూడా సాక్ష్యమే. నిన్నటి దాకా నేరానికి గుర్తు అయిన గట్టు ఇవాళ హక్కుకు గుర్తు అయ్యింది. పాత సంస్థానాల రికార్డులు, బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు, వంశవృక్షం, చివరికి ఊరి పెద్దల నోటిమాట రాయించినది కూడా చెల్లుతుంది. రాత లేని జాతికి ఇంతకంటే పెద్ద గౌరవం ఏ చట్టమూ ఇవ్వలేదని మా అభిప్రాయం.

అమలు మాత్రం చట్టమంత వెడల్పు లేదు. మొదట్లో గ్రామసభలు పంచాయతీ కేంద్రంలో పెట్టారు. తండా ఒక ఊరికి శివారుగా ఉన్నప్పుడు ఆ సభలో మనవాళ్లు పదిమంది, ఊరివాళ్లు వందమంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలయ్యాక ఈ లెక్క మారింది, కానీ అప్పటికి పదేళ్లు గడిచిపోయాయి. తిరస్కరించిన దరఖాస్తుదార్లను ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది, అదే నెల 28న దాన్ని నిలిపింది. ఆ పదిహేను రోజులు తండాల్లో ఎవరికీ కంటికి నిద్ర లేదు. 2021లో మళ్లీ దరఖాస్తులు తీసుకుంటే రాష్ట్రమంతా సుమారు 4 లక్షల మంది 12 లక్షల ఎకరాలకు పైగా అడిగారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది లక్షా 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలు. అడిగినవాటన్నిటికీ అర్హత ఉంటుందని మేము అనడం లేదు. ఎందుకు కాదో కాగితం మీద కారణం రాసి ఇవ్వాలి, అది చాలామందికి అందలేదు.

ఇంతలో గుట్ట కింద కూడా కాలం మారింది. నిజాం షుగర్స్‌లో 2002లో ప్రైవేటు యాజమాన్యానికి 51 శాతం వాటా పోయింది, 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూశారు. బోధన్ చుట్టూ చెరకు తగ్గి వరి పెరిగింది. వరికి కోత మిషన్లు వచ్చాయి. కొడవలి పట్టిన తండా మనిషికి కాలువ కింద ఉన్న పని ఆ మేరకు కరిగిపోయింది. ఇప్పుడు చెరకు కొట్టేవాళ్లు దసరా, దీపావళి దాటగానే మేస్త్రీ దగ్గర జంటకు ఇంతని అడ్వాన్స్ తీసుకుని దూరపు ఫ్యాక్టరీలకు, మహారాష్ట్ర, కర్ణాటకల దాకా పోతున్నారు. కొందరు గల్ఫ్‌కు పోతున్నారు. ఆ నెలల్లో మా హాస్టల్‌లో పిల్లలు పండుగ సెలవులకు కూడా ఇంటికి పోమంటారు, ఇంటికి తాళం ఉంటుంది కాబట్టి. కింద పని దొరికినన్నాళ్లు గుట్ట మీది రెండెకరాలు ఇంటికి సగం తిండి పెడితే సరిపోయేది. పని పోయాక అదే రెండెకరాల నుంచి మొత్తం సంసారం లాగాలి. పోడు మీద ఒత్తిడి ఎందుకు పెరిగిందని అడిగితే ఫ్యాక్టరీ గేటు తాళం వైపు కూడా చూడాలి.

సిరికొండ, ఇందల్వాయి వైపు తండాలకు పిల్లల అడ్మిషన్ల కోసం ఎండాకాలం తిరిగేటప్పుడు మేము ఒకటి గమనిస్తూ వచ్చాం. ఒకే ఇంటికి చెందిన రెండు తునకలు పక్కపక్కన ఉంటాయి. ఒకదానికి హక్కు పత్రం వచ్చింది, రెండోది పెండింగ్‌లో ఉంది. పత్రం వచ్చినదాంట్లో రైతుబంధు వచ్చిన ఏడు గట్టు పోశారు. గట్టు మీద నాలుగు మామిడి, రెండు సీతాఫలం, మూలన ఒక ఇప్ప మొక్క కావాలనే వదిలారు. పక్క తునకలో గట్టు లేదు, చెట్టు లేదు, నిరుటి మక్క మొదళ్లు అలాగే ఉన్నాయి. దున్నేది అదే మనిషి, అవే ఎద్దులు, అదే ట్రాక్టర్ కిరాయి.

వ్యక్తిగత హక్కుల సంగతి ఎంతో కొంత నడిచింది. అదే చట్టంలో సామూహిక అటవీ వనరుల హక్కు ఉంది. ఊరి హద్దుల్లోని అడవిని కాపాడుకునే, పెంచుకునే, వాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చే హక్కు అది. పొరుగున మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గోండులు 2009లోనే దాన్ని సాధించి వెదురు తామే అమ్ముకున్నారు. మన జిల్లాలో తునికాకు, ఇప్ప, చింత ఉన్న తండా పంచాయతీలు దీనికి ఇప్పుడైనా అడగవచ్చు, గడువు ఏమీ లేదు. దానికి ముందు కావాల్సింది ఊరి హద్దు పటం, ఏ వాగు దగ్గర ఎవరి పశువులు మేసేవి, సీత్లా భవాని రాయి ఎక్కడుంది, పాత తండా ఎక్కడుండి ఎందుకు లేచింది అన్న వివరాలు. ఇవి తెలిసినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. ఈ దసరా సెలవులకు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మేము ఇచ్చిన ప్రాజెక్టు పని ఇదే. అమ్మమ్మ, నానమ్మ చెప్పగా ఊరి పటం గీయాలి, నాలుగు తరాల పేర్లు రాయాలి, చెప్పినవాళ్ల వేలిముద్రో సంతకమో కింద పెట్టించాలి, ఒక నకలు పంచాయతీలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.